నోటీసు వస్తే దాచవద్దు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వకీలును కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాడిని. అయినా ఈరోజు కోర్టు మాట ఎత్తడానికి ఒక కారణముంది.

మా వీధిలో ఒక చాచీ ఉన్నారు. ఆమె భర్త ఒక స్థానిక సంస్థవారి గదిలో దర్జీ దుకాణం నడిపేవారు. ఆయన పోయాక గది అద్దె బకాయి కోసం కోర్టు నోటీసు వచ్చింది. ఇంట్లో తెలుగు చదివేవారు లేరు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని ఆ కాగితం పెట్టెలో దాచేశారు. ఎవరో "అమీను వస్తాడు, జైల్లో వేస్తారు" అన్నారట. ఆ భయంతో, తాను బ్లౌజులు కుట్టుకొని బతికే సొంత మిషను సగం ధరకే అమ్మేశారు. నాకు తెలిసేసరికి మిషను చేతులు మారిపోయింది.

తరువాత విచారిస్తే తెలిసినదేమిటి? డబ్బు డిక్రీ కింద ఆడమనిషిని అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడు ఒప్పుకోదు. భర్త బాకీకి భార్య బాధ్యత, ఆయన ఆస్తిలో తన చేతికి వచ్చినంత వరకే. పనివాని పనిముట్లు, వంట పాత్రలు, పడకలు, కూలివాని కూలి జప్తు చేయరాదు. మార్కాపురం పలకల పనివారి ఉలి, సుత్తి అయినా, గిద్దలూరు వైపు రైతు కాడెద్దులు, విత్తనాలు అయినా ఈ రక్షణలోకి వచ్చేవే.

ఈ నియమాలు ఒక్కరోజులో రాలేదు. 500 రూపాయలు మించని డిక్రీకి జైలు కూడదని 1976 సవరణ చెప్పింది. 1999 సవరణ ఆ హద్దును 2,000కు పెంచింది; అది 2002లో అమలుకు వచ్చింది. కట్టలేని పేదరికమే నేరమని జైలుకు పంపరాదని, ఉండీ ఎగవేసే దురుద్దేశం ఉండాలని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ కృష్ణయ్యర్.

అయితే ఒక మాట. ఇంటి పన్ను సంగతి వేరు. దానికి మునిసిపాలిటీ కోర్టుకు పోనక్కరలేదు; బిల్లు, నోటీసు ఇచ్చి, గడువు దాటితే తానే జప్తు చేయవచ్చు. ఆ బకాయికి ఇల్లే పూచీ. కాబట్టి చట్టం మనవైపు ఉందని బాకీ ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. కర్జు కర్జే, తీర్చవలసిందే. కాని భయపడి బతుకుతెరువు అమ్ముకోవద్దు.

నోటీసు అందితే తీసుకోండి, తేదీ చూడండి, వాయిదాకు వెళ్లండి. వెళ్లకపోతే మన మాట వినకుండానే తీర్పు అవుతుంది. వాయిదాలలో కడతామని అడగవచ్చు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవారికి, ఆదాయంతో పనిలేకుండా, ఉచితంగా వకీలునిస్తారు. లోక్ అదాలత్‌లో రాజీపడితే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి ఇస్తారు. కాని అక్కడి తీర్పుపై అప్పీలు లేదు. అర్థమయ్యాకే సంతకం చేయాలి.

చివరిగా నాదొక మనవి. మన పిల్లలు ఉర్దూతో పాటు తెలుగూ చదవాలి. ఇంటికి వచ్చిన కాగితం చదివి అమ్మీకి చెప్పగలగాలి. అంతవరకు ఏ నోటీసు వచ్చినా ఆదివారం ఉదయం సంఘం ఆఫీసుకు తీసుకురండి. నేను కూర్చుంటాను, చదివి చెబుతాను. ఇంకో చాచీ మిషను అమ్ముకోకూడదు.

సెలవు.