గేదె కొనేముందు రక్తపరీక్ష
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో పశుపోషణ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



మనలో చాలామందిమి సంఘం అప్పుతో పాడి గేదెలు కొంటున్నాం. గేదె ఈనితే పాలు, పాలు పోస్తే వాయిదా. అదే ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఈసుకుపోతే దూడా ఉండదు, పాలూ ఉండవు, వాయిదా మాత్రం ఆగదు. ఈసుకుపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. కానీ చూడి సగం దాటాక ఈసుకుపోయి, మాయ కూడా పడకపోతే బ్రూసెల్లోసిస్ అనే అంటుజబ్బేమోనని అనుమానించాలి. ఈ జబ్బున్న గేదె మామూలుగానే మేస్తుంది, నెమరేస్తుంది. కంటితో చూసి చెప్పలేం. అందుకే రక్తపరీక్ష.

డాక్టరుగారు మెడ నరం నుంచి కొంచెం రక్తం తీసి కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టాక పైన తేటగా సీరం తేలుతుంది. ఆ సీరం ఒక చుక్క, రోజ్ బెంగాల్ అనే గులాబీ రంగు మందు ఒక చుక్క పలక మీద కలుపుతారు. ఆ మందులో ఉండేవి రంగు పట్టించిన చచ్చిన క్రిములే. గేదెకు జబ్బు సోకి ఉంటే దాని రక్తంలో తయారైన యాంటీబాడీలు ఆ క్రిముల్ని ఒకదానికొకటి అంటిస్తాయి. 4 నిమిషాల్లో పాలు విరిగినట్టు పలుకులు కనబడతాయి.

మరి దీన్ని పూర్తిగా నమ్మొచ్చా? ఇది జబ్బు పశువుల్ని బాగా పట్టిస్తుంది. కానీ ఒక్కోసారి జబ్బు లేనిదాన్ని కూడా ఉన్నట్టు చూపిస్తుంది. బ్రూసెల్లాను పోలిన వేరే క్రిమి సోకినా, టీకా వేసి ఉన్నా పలుకులు రావచ్చు. అందుకే పలుకులు రాగానే గేదెను తెగనమ్మకూడదు. ఎలీసా లాంటి రెండో పరీక్షతో ఖాయం చేసుకోవాలి. బెంగళూరులోని నివేది సంస్థ మన దేశంలోనే ఎలీసా కిట్లు తయారుచేసింది. ఇంకో సంగతి. అప్పుడే ఈసుకుపోయిన గేదెకు పరీక్షలో ఏమీ కనబడకపోవచ్చు. కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి.

ఇది మనుషులకూ అంటుతుంది. పచ్చిపాలు తాగినా, మాయను ఉత్త చేతులతో లాగినా వస్తుంది. ఆ పని ఇంట్లో చేసేది ఎక్కువగా మనమే. వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్లనొప్పులు ఉంటే ఆసుపత్రిలో పశువులున్నాయని తప్పక చెప్పండి. పాలు పొంగేదాకా కాచి తాగండి. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను చేతికి తొడుగు వేసుకుని, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. కుక్కలకు దొరకనివ్వకండి.

పశువులో ఒకసారి చేరితే దీనికి నమ్మదగ్గ వైద్యం లేదు. టీకాయే దారి. 4 నుంచి 8 నెలల వయసు పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి వేయిస్తే చాలు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇది ఉచితం. ఆ వయసులోనే వేయడానికి ఒక కారణం, టీకా వల్ల వచ్చిన యాంటీబాడీలు దూడ పెరిగేసరికి తగ్గిపోయి, తర్వాతి పరీక్షల్ని పెద్దగా తికమక పెట్టవు. టీకా వేసిన తేదీ, చెవి పోగు నంబరు పుస్తకంలో రాసి ఉంచండి.

ఒక కష్టమైన మాట కూడా చెప్పుకోవాలి. జబ్బు ఖాయమైన గేదెను చప్పుడు చేయకుండా సంతలో అమ్మేస్తే మన నష్టం తీరొచ్చు. కానీ దాన్ని కొనేది మనలాంటి ఇంకో సంఘం అక్కే. ఆమె దొడ్డంతా పాడవుతుంది. అట్లాగని నష్టమంతా ఒక్కరి నెత్తిన వేయడమూ న్యాయం కాదు.

అందుకని సభ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. అప్పుతో కొనే ప్రతి గేదెకు ముందుగా రక్తపరీక్ష. జబ్బు ఖాయమైన గేదెను వేరుగా కట్టి, అమ్మకుండా డాక్టరుగారి సలహా ప్రకారం నడుచుకోవడం. అలాంటి సభ్యురాలికి వాయిదా గడువు పెంచడం. గడువు ఇస్తేనే జబ్బును దాచకుండా చెబుతారు. చర్చించి తీర్మానం చేయాలని కోరుతున్నాం.