అద్దం వెనక మన పటం
(మాదిగవాడ సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగం)



బొమ్మల ప్రదర్శన అంటే చదువుకున్నోళ్ల వేడుక అని మనం అటు పోం. పోవాలె. అక్కడ గోడకు వేలాడేది మన పురాణమే.

చేర్యాల నకాషీ కళాకారుల పటం చూడండి. ఖద్దరు గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రరంగు మీద బొమ్మలు దించుతరు. పటం గజాల కొద్దీ పొడుగు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలి వాళ్లకు మడేలు పురాణం, మనకు జాంబ పురాణం. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవముని మన మూలపురుషుడని డక్కలాయన పటం విప్పి చెప్పేది. చదువు మనకు నిషేధమైన కాలంల మన చరిత్ర అట్లనే నిలిచింది. కిన్నెర మీటేదీ వాళ్లే. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య ఆ కులపాయనే.

మొన్న బడిపిల్లలను పట్నంల ఒక ప్రదర్శనకు తీస్కపోయిన. అద్దం వెనక జాంబవముని. చిన్నప్పుడు మా వాడల చూసిన బొమ్మే, చూడంగనే గుర్తుపట్టిన. కింద చీటీ మీద 'జానపద కళ' అని రాసిన్రు. ఎవరి కథ, ఎవరు చెప్పేది, ఒక్క ముక్క లేదు. "సార్, ఈయన మనోడేనా?" అని ఒక పిల్ల అడిగింది. అవునమ్మా అన్న. సందర్శకుల పుస్తకంల ఇదంతా రాసి, పిల్లలతోని సంతకాలు పెట్టించిన.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. చీటీల డక్కలాయన పేరు లేదని అడుగుతున్నం. మరి ఆయన మన వాడకొస్తే గడప దాటనిచ్చినమా? ఊరు మనల్ని పెట్టినట్టే మనం ఆయనను బయట పెట్టినం.

వచ్చే నెల బండి మాట్లాడుదాం. డక్కలాయనను ముందు సీట్ల కూచోబెట్టుకొని పోదాం. ఆ పటం ముందు కథ ఆయననే చెప్పమందాం.