జీతమా, ఫీజా?

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పన్నుల గురించి మాట్లాడమన్నారు. ఏటా ఫారం 16 చేతికి వచ్చే మన బ్యాంకు ఉద్యోగులకు నేను కొత్తగా చెప్పేది పెద్దగా లేదు. ఈరోజు ఫారం 16 రాని మీ పిల్లల గురించి, రిటైరయ్యాక మళ్లీ ఎక్కడో పనికి కుదిరే మీ గురించి మాట్లాడతాను. ఇద్దరికీ వచ్చే కాగితం ఒకటే: 'మిమ్మల్ని కన్సల్టెంటుగా తీసుకుంటున్నాం' అని.

ఇంటి రుణాల దరఖాస్తులతో ఈ కాగితాలు నా బల్ల మీదకు తరచూ వస్తుంటాయి. నెలనెలా ఒకే మొత్తం ఖాతాలో పడుతుంది. ఉదయం తొమ్మిదిన్నరకు హాజరు వేయాలి. సెలవు కావాలంటే మేనేజరును అడగాలి. లాప్‌టాప్ కంపెనీదే. పే స్లిప్పు మాత్రం ఉండదు. జీతం మీద సెక్షన్ 192 కింద పన్ను కోయడానికి బదులు, వృత్తి ఫీజు అని 194జె కింద 10 శాతం కోసి ఫారం 16ఎ ఇస్తారు. (ఇవి 1961 చట్టం నంబర్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టంలో నంబర్లు మారతాయి, జీతానికీ ఫీజుకూ ఉన్న తేడా మారదు.)

అయితే ఈ మనిషి ఉద్యోగా, స్వతంత్ర కాంట్రాక్టరా? కాగితం మీద రాసుకున్న పేరును బట్టి కోర్టులు తేల్చవు. పని అప్పజెప్పి, ఎలా చేసుకుంటారో మీ ఇష్టం అంటే కాంట్రాక్టరు. ఎలా చేయాలో కూడా చెప్పే అధికారం ఎదుటివారికి ఉంటే చాలావరకు ఉద్యోగి.

మన రంగంలోనే ఒక పాత కేసు ఉంది. సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు ఢిల్లీలో ఒక ట్రెజరర్ ఉండేవారు. క్యాషియర్లను ఆయనే పెట్టుకునేవారు, వాళ్ల తప్పులకు తానే పూచీ పడేవారు. ఉమ్మడి కుటుంబ ఆస్తిని బ్యాంకుకు హామీగా పెట్టారు. చూస్తే సొంత వ్యాపారంలాగే లేదూ? ట్రిబ్యునల్ కూడా అలాగే అనుకుంది. 1960లో సుప్రీంకోర్టు మాత్రం, ఆయన బ్యాంకు ఆదేశాలకు లోబడి పనిచేసే ఉద్యోగి, వచ్చినది ఆయన సొంత జీతం అని తేల్చింది.

ఇంకొకటి పన్ను కేసు కాదు కానీ మన రాష్ట్రం నుంచి వెళ్లినదే. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు, 1973. దర్జీలకు కుట్టిన బట్టను బట్టి కూలి. రాకపోతే చెప్పనక్కర్లేదు, వేరే దుకాణానికీ కుట్టవచ్చు. అయినా మిషన్లు యజమానివి, బాగా లేదంటే మళ్లీ కుట్టించే హక్కు యజమానిది. దుకాణాల చట్టం కింద వాళ్లు ఉద్యోగులే అని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఒక అమ్మాయికి నెలకు 60,000, ఏడాదికి 7.2 లక్షలు. వేరే ఆదాయం లేదనుకుందాం. 2025-26లో కొత్త విధానంలో జీతమైతే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను 6.45 లక్షలు, రిబేటుతో పన్ను సున్నా. నిజంగానే ఐటీ వృత్తి ఫీజు అయి, 44ఎడిఎ కింద సగం ఆదాయంగా చూపితే 3.6 లక్షలు. అప్పుడూ సున్నాయే. కోసిన 72,000 రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. కనుక 'కన్సల్టెంటు అయితే పన్ను కలిసొస్తుందండీ' అని ఎవరైనా అంటే ఈ జీతం స్థాయిలో నమ్మకండి. పోయేది వేరే చోట: పీఎఫ్‌లో యజమాని వాటా, గ్రాట్యుటీ, 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు. పెళ్లయి ఏడాది తిరగని అమ్మాయికి ఈ చివరిది చిన్న విషయమా? ఇంటి రుణానికి వచ్చినప్పుడూ ఫారం 16 బదులు రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాం. మొదటి ఏడాదిలో అవి ఎక్కడినుంచి వస్తాయి?

194జె కింద కోశారు కాబట్టి అది ఫీజే అయిపోయిందనుకోవద్దు. పని తీరు ఉద్యోగమైతే సగం ఖర్చుగా చూపే సౌకర్యం మీకు చెల్లదని పన్ను అధికారి అనవచ్చు.

రిటైరైనవారికి ఒక మాట. పెన్షన్ జీతం కింద వస్తుంది. కన్సల్టెన్సీ నిజంగా స్వతంత్రమైతే ఆ ఫీజు వృత్తి ఆదాయం, ఐటీఆర్-1 ఇక పనికిరాదు. స్టాండర్డ్ డిడక్షన్ పెన్షన్‌కే, ఫీజుకు లేదు. 44ఎడిఎ అన్ని పనులకూ లేదు, అకౌంటెన్సీ, సాంకేతిక సలహా వంటి కొన్ని వృత్తులకే. ఇంకొకటి చాలామంది మరచిపోయేది: అరవై దాటినవారికి ముందస్తు పన్ను అక్కర్లేదన్న వెసులుబాటు వ్యాపార, వృత్తి ఆదాయం లేనివారికే. ఫీజు వస్తూ, టీడీఎస్ పోను పన్ను 10,000 లేదా అంతకు మించితే ముందస్తుగా కట్టాలి, లేకపోతే వడ్డీ పడుతుంది. 44ఎడిఎ ఎంచుకుంటే మార్చి 15 లోపు ఒకేసారి కట్టవచ్చు.

ఆఫర్ లెటర్లు వెంట తెచ్చినవారు ఉన్నారని విన్నాను. టీ తర్వాత ఇక్కడే కూర్చుంటాను, తెచ్చి చూపించండి. జీతం ఎంతో తెలిసిపోతుందన్న మొహమాటం ఉంటే అంకె మీద వేలు పెట్టి చూపించినా సరే. నాకు కావాల్సింది పని గంటలు, సెలవులు, పీఎఫ్ గురించి రాసిన వాక్యాలు.