కొత్త సైలెన్సర్ కిందికి తగులుతోందా?

శ్రావణంలో పెద్దకడుబూరు నుంచి ఐదుగురిని ఎక్కించుకుని ఉరుకుంద ఈరన్న దర్శనానికి బయలుదేరారనుకోండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు కింద ధన్‌మని మోత. కంపెనీది తీసి బయటి సైలెన్సర్ వేయించుకున్న బండ్లలో ఇది మామూలే.

చాలామంది గొట్టాన్ని సుత్తితో కొట్టి వంచుతారు. అది తప్పు వైద్యం. బండి చల్లారాక, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్ల మీద నిలిపి, క్లాంపులన్నీ వదులు చేయండి. ముందు సైలెన్సర్‌ను రబ్బర్లకు తగిలించి, ఏ రబ్బరూ పక్కకు లాగకుండా సర్దండి. తర్వాత ఇంజిన్ వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటే బిగించాలి. ఎండకు పగిలిన రబ్బర్లుంటే మార్చేయండి. వాటి ఖర్చు ఎంతని!

వేడెక్కితే ఇనుము సాగుతుంది. రెండు మీటర్ల గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలైతే 10. పైగా ఇంజినూ ఊగుతుంది. అందుకే చుట్టూ బొటనవేలు దూరేంత సందు కావాలి. బ్రేకు పైపు, పెట్రోలు ట్యాంకు, సెన్సర్ వైరు దగ్గరైతే ఇంకా ఎక్కువే. జాయింట్ల దగ్గర నల్లటి మసి కనిపిస్తే పొగ కారుతున్నట్టే, గాస్కెట్ మార్చాలి.

చివరగా, మనుషుల్ని కూర్చోబెట్టి కింద సందు చూడండి. ఖాళీ బండి కొలత లెక్కలోకి రాదు. మోత కోసమే మార్చినవాళ్లకు ఒక మాట: శబ్ద కాలుష్యానికి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది.