ఆరోగ్య బీమా: భర్త దయా, భార్య హక్కా?

(మహిళా కార్యకర్తల శిక్షణా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



విదేశీ సంబంధాల కేసులు మన దగ్గరికి వచ్చినప్పుడు కట్నం గురించి అడుగుతాం. వీసా, పాస్‌పోర్టు, విడాకుల నోటీసు గురించి అడుగుతాం. ఆరోగ్య బీమా గురించి మాత్రం మనమూ అడగం, వాళ్ళూ చెప్పరు. భర్త ఉద్యోగం వెంట నేనూ జర్మనీ వెళ్ళినదాన్నే. పదకొండేళ్ళున్నాను. అందులో ఆరేళ్ళు అక్కడి ఒక మహిళా సలహా కేంద్రంలో తెలుగు, హిందీ దుబాసీగా పనిచేశాను. ఆ కేంద్రానికి వచ్చిన మన ఆడవాళ్ళని 'మీకు ఏ బీమా ఉంది?' అని అడిగితే చాలామంది చెప్పిన జవాబు ఒకటే: 'అవన్నీ ఆయన చూసుకుంటారండీ.' ఆ 'చూసుకోవడం' వెనక ఏముందో ఇవాళ చెప్పాలనుకుంటున్నాను.

ముందు అక్కడి పద్ధతి చెబుతాను. జర్మనీలో కార్మికులకు ఆరోగ్య బీమా చట్టం 1883లోనే వచ్చింది. బిస్మార్క్ దయతో ఇచ్చింది కాదది. బలపడుతున్న సోషలిస్టుల వైపు కార్మికులు పోకుండా ఉండడానికి తెచ్చింది. మన ఇ.ఎస్.ఐ. తెలిసినవాళ్ళకి దాని పునాది సులభంగా అర్థమవుతుంది. జీతంలోంచి కొంత కార్మికుడు, కొంత యజమాని కడతారు. ఇప్పుడు సాధారణ చందా జీతంలో 14.6 శాతం. అది ఇద్దరికీ చెరిసగం. దాని మీద ఒక్కో బీమా సంస్థ వేసే అదనపు చందా కొంత ఉంటుంది. ఈ ప్రభుత్వ పద్ధతి సంస్థల్ని 'క్రాంకెన్‌కాసె' అంటారు. దేశంలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఇందులోనే ఉన్నారు. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది ప్రైవేటు బీమాలో ఉంటారు. 2009 నుంచి అక్కడ నివసించే ప్రతివారికీ బీమా తప్పనిసరి.

ఈ రెంటికీ ఉన్న తేడా ఆడవాళ్ళ బతుకుల్లో ఎలా కనబడుతుందో చూడండి.

ప్రభుత్వ బీమాలో, సంపాదన లేని భార్యకీ పిల్లలకీ అదనంగా పైసా కట్టకుండా రక్షణ ఉంటుంది. దీన్ని కుటుంబ బీమా అంటారు. ఇది భర్త పెట్టే భిక్ష కాదు. ఆమె పేరుమీద నంబరుంటుంది. ఆమె ఫొటోతో విడిగా కార్డు వస్తుంది. తనకి నచ్చిన డాక్టరు దగ్గరికి తను వెళ్ళవచ్చు. కార్డు పోతే తనే ఫోను చేసి కొత్తది తెప్పించుకోవచ్చు. డాక్టరు బిల్లు ఇంటికి రాదు, బీమా సంస్థకి పోతుంది. ఆమె రోగం గురించి, గర్భం గురించి ఆమె అనుమతి లేకుండా భర్తకి చెప్పడం డాక్టరుకి నేరం.

ప్రైవేటు బీమా దారి వేరు. జీతం ఒక పరిమితి దాటినవాళ్ళు దానిలోకి వెళ్ళవచ్చు. 2025లో ఆ పరిమితి ఏడాదికి 73,800 యూరోలు. వయసులో ఉండి, ఒంటరిగా, ఆరోగ్యంగా ఉన్న ఇంజనీరుకి అది చవగ్గా కనబడుతుంది. ఏజెంటు కూడా అదే చెబుతాడు. రెండేళ్ళ తరవాత పెళ్ళవుతుంది. అప్పుడు భార్యకి విడిగా ప్రీమియం, పుట్టిన బిడ్డకి విడిగా ప్రీమియం. ఆమెకి థైరాయిడ్ ఉందా, ఇదివరకు గర్భస్రావం అయిందా అని ప్రశ్నాపత్రం నింపమంటారు. జవాబుల్ని బట్టి ధర పెంచుతారు, లేదా వద్దంటారు. తిరిగి ప్రభుత్వ బీమాకి రావాలంటే దారులు చాలా తక్కువ. 55 ఏళ్ళు దాటాక దాదాపు మూసుకుపోతాయి.

డబ్బు సంగతి అలా ఉంచండి. ప్రైవేటులో ముందు డాక్టరు బిల్లు మనం కట్టి, తరవాత కంపెనీ నుంచి రాబట్టుకోవాలి. పాలసీ భర్త పేరుమీద ఉంటే, కంపెనీ మామూలుగా లెక్కలు పంపేది అతనికే. ఆమె ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళింది, ఏ పరీక్ష చేయించుకుంది, మనసు బాగాలేదని ఎన్నిసార్లు కౌన్సిలింగుకి వెళ్ళింది, అన్నీ అతని బల్లమీదికి వస్తాయి. దెబ్బలు చూపించుకుని వచ్చిన బిల్లు కూడా కొట్టినవాడి చేతికే వస్తుంది. ఇంక ఆమె ఏ ధైర్యంతో వెళుతుంది?

మూడో రకం మరీ ప్రమాదం. వీసా కోసం ఇక్కడే కొనే చవక ప్రయాణ బీమా. అది దారి ఖర్చులాంటిది, కాపురానికి పనికిరాదు. పాత జబ్బులకి, గర్భానికి డబ్బివ్వని పాలసీలు వీటిలో ఎన్నో. నాలుగో నెల గర్భంతో ఉన్న ఒకమ్మాయి అలాంటి కాగితం పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. భర్తకి ప్రభుత్వ బీమా ఉంది. ఆమెని అందులో చేర్పించే ఫారం మీద సంతకం పెట్టడానికి మాత్రం నాలుగు నెలలు తీరికలేదు! ఫారం నింపించాం, చేరింది. కాన్పు క్షేమంగా అయింది. ఆమెకి లేనిది డబ్బు కాదు, సమాచారం.

గర్భిణీ స్త్రీకి ప్రభుత్వ బీమా ఇచ్చేవి మన వాళ్ళు తెలుసుకోవాలి. గర్భం తెలిసిన దగ్గర్నుంచి పరీక్షలన్నీ రాసే చిన్న పుస్తకం ఇస్తారు. కాన్పుకి ముందూ తరవాతా శిక్షణ పొందిన మంత్రసాని ఇంటికి వచ్చి చూస్తుంది. ఉద్యోగం చేసే స్త్రీకి కాన్పుకి ముందు 6 వారాలు, తరవాత 8 వారాలు రక్షణ సెలవు. నెలలు నిండకుండా పుట్టినా, కవలలైనా తరవాతి సెలవు 12 వారాలు. అమ్మ, అత్తగారు పక్కన లేని ఊళ్ళో ఆ మంత్రసాని ఎంత అండో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పైగా ఇంట్లో ఏం జరుగుతోందో కళ్ళారా చూసే బయటిమనిషి ఆమె ఒక్కతే.

మరి భార్యకి సొంత బీమా ఎలా వస్తుంది? ఉద్యోగంతో వస్తుంది. భర్త వెంట కుటుంబ వీసాతో వెళ్ళిన స్త్రీకి అక్కడ పనిచేసే హక్కుంది. ఈ మాట చాలామందికి ఎవరూ చెప్పరు. పరిమితి లోపు జీతంతో మామూలు ఉద్యోగంలో చేరిన రోజునుంచే, ఏ రోగాల ప్రశ్నలూ లేకుండా, ప్రభుత్వ బీమా ఆమె పేరుమీద వస్తుంది. భర్త ప్రైవేటులో ఉన్నా సరే. కానీ 'మినీ జాబ్' అనే చిన్న ఉద్యోగంతో రాదు. 2025లో నెలకి 556 యూరోల లోపు పని అది. హోటళ్ళలో, ఇళ్ళు ఊడ్చే పనుల్లో మన ఆడవాళ్ళకి ఎక్కువగా చూపించేది ఇదే. జీతం ఎంత అనడంతో ఆగకుండా, బీమా ఉందా అని కూడా అడగమని చెప్పాలి.

ఇక కాపురం చెడినప్పటి సంగతి. వేరుగా ఉంటున్నంత మాత్రాన కుటుంబ బీమా పోదు. విడాకులు ఖరారయ్యాకే ముగుస్తుంది. ఆ తరవాత అదే సంస్థలో తన పేరుమీద కొనసాగవచ్చు, కానీ చందా తనే కట్టాలి. సంపాదన లేదంటే చందా ఉండదనుకోకూడదు, బాకీ పేరుకుపోతుంది. వెంటనే ఉత్తరం రాసి మాట్లాడుకోవాలి.

నివాస హక్కు కూడా దీంతో ముడిపడి ఉంది. భర్త మీద ఆధారపడిన వీసా సొంత హక్కుగా మారాలంటే జర్మనీలో మూడేళ్ళు కాపురం చేసి ఉండాలి. 2011 దాకా ఇది రెండేళ్ళే! కానీ ఇంట్లో హింస ఉంటే మూడేళ్ళు నిండక్కర్లేదని ఆ చట్టమే చెబుతోంది. అందుకని దెబ్బలు తిన్న స్త్రీ డాక్టరుతో కాగితం రాయించుకోవడం వైద్యమే కాదు, సాక్ష్యం కూడా. 116 016 నంబరుకి రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. పేరు చెప్పక్కర్లేదు, ఇంగ్లీషులో మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వస్తే పోలీసులకి 110, అంబులెన్సుకి 112.

అక్కడ అన్నీ బాగున్నాయని నేననడం లేదు. హింసనుంచి పారిపోయిన స్త్రీకి ఆశ్రయం హక్కుగా ఇచ్చే చట్టం 2025లో చేశారు, అమలు మాత్రం 2032 జనవరి 1 నుంచి! మహిళా సంఘాలు దశాబ్దాలు పోరాడితే దక్కింది అది.

చివరగా, మనం ఏం చెయ్యాలి? భార్యల్ని సెలవులకని తీసుకొచ్చి ఇక్కడ వదిలేసి వెళ్ళే భర్తల కేసులు మనకి కొత్త కాదు. ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే జర్మనీ నివాస పత్రం సాధారణంగా రద్దవుతుంది. కాబట్టి అలాంటి స్త్రీ వస్తే మొదట ఆమె పత్రం తేదీలు చూడండి, పెద్దమనుషుల పంచాయితీ తరవాత. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్నారై కేసుల విభాగముంది, అక్కడ ఫిర్యాదు నమోదు చేయించండి.

వెళ్ళబోయే అమ్మాయి వస్తే నాలుగు మాటలు చెప్పండి. పెళ్ళికి ముందే అబ్బాయిది ప్రభుత్వ బీమానా, ప్రైవేటా అడగాలి. జీతం అడగగా లేనిది బీమా అడిగితే తప్పేముంది? వెళ్ళిన మొదటి నెలలోనే తన పేరు బీమాలో ఎక్కిందని రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. పాస్‌పోర్టు, నివాస పత్రం, పెళ్ళి సర్టిఫికెట్టు, బీమా నంబరు నకళ్ళు పుట్టింట్లో ఒక సెట్టు ఉంచాలి. జర్మన్ భాష మొదటి రోజునుంచే నేర్చుకోవాలి. భాష రానంతకాలం డాక్టరు గదిలో ఆమె నొప్పి చెప్పేది భర్తే.

ఆడపిల్లకి నగలు ఎన్ని తులాలు పెట్టాలో లెక్కలు వేసే తల్లిదండ్రుల చేత ఈ నాలుగు లెక్కలు కూడా వేయించగలిగితే, మన సలహా కేంద్రాలకి పని కొంత తగ్గుతుంది. ఆ పని మన ఊళ్ళలోనే, వీసా రాకముందే మొదలవ్వాలి.