రాజకీయ కేసులకు ప్రజల సొమ్ము: హద్దు ఎవరు గీయాలి?

(మచిలీపట్నం సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

గుడివాడ నుంచీ దివిసీమ నుంచీ పనులు మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్లారా, మిత్రులారా!

ఈ విషయాన్ని మన బందరు దగ్గర నుంచి చూసింది. 2020 జూలైలో ఒక హత్య కేసులో మాజీ మంత్రి కొల్లు రవీంద్రను అరెస్టు చేశారు. 2024లో ప్రభుత్వం మారింది. ఆ తర్వాత రేషన్ బియ్యం కేసులో మరో మాజీ మంత్రి పేర్ని నాని పేరు నిందితుల్లో చేరింది. రెండుసార్లూ వినిపించిన మాట ఒకటే: కక్షసాధింపు. ఎవరు దోషో తేల్చేది కోర్టు. నేనడిగేది ఖర్చు సంగతి.

నాయకుడికి పెద్ద లాయర్లుంటారు, ప్రభుత్వానికి ఖజానా ఉంటుంది. మరి మామూలు స్త్రీకి? 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసిన అంగన్‌వాడీల మీద 2024 జనవరిలో ఎస్మా ప్రయోగించారు. అలాంటి పోరాటంలో కేసు పడితే, నాగాయలంక నుంచి బందరు కోర్టుకు వాయిదా వాయిదాకూ తిరిగే మనిషికి పోయిన కూలి ఎవరిస్తారు? ఆధారం లేకుండా అరెస్టు చేయించినందుకు మేజిస్ట్రేటు ఇప్పించగల పరిహారం పాత చట్టంలో వెయ్యి రూపాయలు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలోనూ అదే వెయ్యి. తప్పుడు ప్రాసిక్యూషన్లకు ప్రభుత్వమే పరిహారమివ్వాలని 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసినా కొత్త సంహితలో దానికి చోటు దక్కలేదు.

కనుక ఖర్చుకు హద్దు కావాలి. కానీ జాగ్రత్త! ‘ఇది రాజకీయ కేసు, డబ్బివ్వం’ అనే అధికారం ప్రభుత్వానికే ఇస్తే ముందు మునిగేది మనమే. అధికార పక్షం మనిషి మీద అత్యాచారం కేసు పెట్టిన ఆడపిల్లకు మొదట తగిలేది ఆ ముద్రే. ఎంపీలు, ఎమ్మెల్యేల మీది కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు అన్నది ఇలాంటి భయంతోనే.

మూడు కోరదాం. స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను ఎందుకు వేశారో, ఫీజెంతో జీవోలో రాయాలి. ఆ లెక్క ఏటా శాసనసభ ముందు పెట్టాలి. కేసు కక్షతో పెట్టిందని కోర్టు తేలిస్తే బాధితులకు ప్రభుత్వం పరిహారమిచ్చి, బాధ్యుల నుంచి రాబట్టాలి.

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఫీజుల లెక్క సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కేసులో ఇరుక్కున్న ఏ స్త్రీకైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు. రాయడం రానివారికి ఆ దరఖాస్తులు రాసిపెట్టే పని మన సంఘాలు ఊరూరా చేపట్టాలి.