నీళ్లకు పోయే బాట అమ్ముడుపోకుండా చూసుకుందాం
(కొల్లాపూర్ ప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 సోమశిల, అమరగిరి, మంచాలకట్ట, జటప్రోలు దిక్కు నుంచి వచ్చిన ముంపు రైతులున్నారు, చేపలు పట్టే అన్నలున్నారు, గొర్ల కాపరులున్నారు. ఈ నలుగురినీ ఒక్క దగ్గర కూర్చోబెట్టడానికి కారణం ఉంది. ఇప్పుడు మన మీదికి వస్తున్న కష్టం నలుగురిదీ.

కొంతకాలంగా మన ఊళ్లకు కార్లు వస్తున్నాయి. దిగినవాళ్లు పంట అడగరు, బోరు అడగరు. గట్టు మీద నిలబడి కృష్ణ నీళ్ల వైపు చూస్తారు. 'ఇక్కడి నుంచి నీళ్లు కనిపిస్తాయా' అని ఒక్క మాట అడుగుతారు. కనిపిస్తాయంటే ఒక రేటు, కనిపించకపోతే ఒక రేటు. పేపర్లలో, వీడియోలలో సోమశిలను మినీ మాల్దీవ్స్ అంటున్నారు. సముద్రం ఒడ్డున విల్లాలు, అపార్ట్‌మెంట్లు అమ్మినట్టే ఇక్కడ రిజర్వాయర్ ఒడ్డును ఫారం ప్లాట్లు, వీకెండ్ ఇండ్లు అని అమ్మాలని చూస్తున్నారు.

ఈ నీళ్లు ఎట్లా వచ్చాయో పిల్లలకు తెలియదు కాబట్టి ఒకసారి చెప్పుకోవాలి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన అయింది. 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు. ఇవతల పాలమూరు, అవతల కర్నూలు కలిపి సుమారు వంద ఊళ్లు, లక్ష ఎకరాల భూమి నీళ్లలోకి పోయాయి. మాకు అప్పుడు పదేళ్లుంటాయి. ఇంటి దూలాలు, తలుపులు ఊడబీకి బండ్ల మీద వేసుకొని మెరకకు వచ్చాం. గుళ్లను మాత్రం రాయి రాయికి నంబరు వేసి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. సోమశిల గుళ్లు అట్లా వచ్చినవే. దేవుండ్లకు దొరికిన పునరావాసం మనుషులకు దొరకలేదు. ముంపు కుటుంబాలకు ఇంటికొక ఉద్యోగం అని 1986లో జీవో 98 ఇచ్చారు. దాని కోసం తిరిగిన తండ్రులు పోయారు, కొడుకులకు తల నెరిసింది.

మరి ఇన్నేండ్లు ఎట్లా బతికాం? మెరక మీద మిగిలిన ఎకరం, రెండెకరాలు ఒక ఆధారం. రెండోది, నీళ్లు దిగినప్పుడు బయటపడే ఒండ్రు నేల. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. వానాకాలం ఆ గీత దాకా నీళ్లుంటాయి. ఎండాకాలానికి పదుల అడుగులు దిగుతాయి. దిగిన కొద్దీ మనం వెనకాలే పోయి విత్తనం వేసుకుంటాం. ఆ భూమి సర్కారుది, పట్టా లేదు. నీళ్లు తొందరగా వస్తే పంట పోతుంది, అడిగే దిక్కు లేదు. అయినా ఎన్నో ఇండ్లు ఆ పంట మీదనే నిలబడ్డాయి. అదే ఒడ్డున పుట్టి వేసుకునేవాళ్లున్నారు, గొర్లకు నీళ్లు తాపేవాళ్లున్నారు.

వీళ్లందరూ నీళ్ల దగ్గరికి పోవాలంటే ఎవరో ఒకరి పట్టా చేను గట్టు మీది నుంచి పోవాల్సిందే. ఇన్నేండ్లు ఎవరూ ఆపలేదు. రాసుకున్న కాగితం లేదు. అందరం మునిగినవాళ్లమే, అందుకే ఎవరూ ఎవరినీ ఆపలేదు. ఆ గట్టు చేను ప్లాట్లయిన నాడు చుట్టూ కడీలు పాతుతారు, జాలీ కడతారు, గేటు పెట్టి కాపలా మనిషిని ఉంచుతారు. అమ్మింది ఒక్క రైతే. తోవ పోయేది ముప్ఫై ఇండ్లకు. ఈ రోజు మేము చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

ఇట్లా ఒక ఊళ్లో జరిగింది. ఊరి పేరు, కంపెనీ పేరు ఇక్కడ వద్దు. కడీలు పాతుతున్నారని కబురు వస్తే పత్తి ఏరే రోజులని మేము పదిహేను రోజులు ఆగి పోయాం. పోయేసరికి బండ్ల బాట మూసేసి మొక్కలు నాటారు. ఇప్పుడు అక్కడి రైతులు విత్తనాల మూట నెత్తిన పెట్టుకొని రెండు కిలోమీటర్లు చుట్టూ తిరిగి పోతున్నారు. ఆ తప్పులో సంఘానికీ వాటా ఉంది. ఒప్పుకుంటున్నాం.

అమ్మకండి అని చెప్పడం తేలిక. ఒక ముసలమ్మ మమ్మల్ని అడిగింది: 'అమ్మొద్దంటున్నరు గదా బిడ్డా, దవాఖాన బిల్లు మీ సంఘం కడ్తదా?' ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. కాబట్టి అమ్మినవాళ్లను తిట్టే పని మేము చేయం. కానీ ఏం అమ్ముతున్నామో, దేనికి అమ్ముతున్నామో లెక్క తెలుసుకొని అమ్మాలి.

లెక్క చూడండి. ఎకరం అంటే 40 గుంటలు, 4,840 గజాలు. మనం ఎకరాల లెక్కన అమ్ముతాం, వాళ్లు గజాల లెక్కన అమ్ముతారు. ఉదాహరణకు మీరు ఎకరం 30 లక్షలకు ఇచ్చారనుకుందాం. బాటలకు పది గుంటలు తీసేసినా అయిదు గుంటల ప్లాట్లు ఆరు వస్తాయి. గజం మూడు వేలని పెట్టుకున్నా ఒక్కో ప్లాటు 18 లక్షల 15 వేలు. ఆరింటికి కోటీ 8 లక్షల 90 వేలు. ఈ తేడా మట్టిది కాదు, నీళ్లు కనబడడానిది. ఆ నీళ్ల కింద ఉన్నది మన ఊళ్లే.

కొనేవాళ్లు మన శత్రువులు కారు. పట్నంలో నౌకరీ చేసుకుంటూ నాలుగు పైసలు వెనకేసినవాళ్లే ఎక్కువ. వాళ్లూ మోసపోతున్నారు. వ్యవసాయ భూమిని లేఅవుట్ అనుమతి లేకుండా అయిదు గుంటలు, పది గుంటలు అని ముక్కలు చేసి అమ్ముతున్నారు. 20 గుంటలకు తక్కువ ఫారం ప్లాట్లు కొని చిక్కుల్లో పడొద్దని అధికారులే హెచ్చరిస్తున్నారు. ప్లాట్ల వ్యాపారం రెరా కింద నమోదు కావాలని 2016 చట్టం చెబుతుంది. అది తప్పించుకోవడానికే దానికి 'ఫారం' అని పేరు పెడుతున్నారు.

కేరళలో ఏం జరిగిందో వినండి. కొచ్చి పక్కన మరడులో బ్యాక్‌వాటర్ ఒడ్డున నాలుగు పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయాలు కట్టారు. స్థానిక పంచాయతీ అనుమతి కాగితాలున్నాయి. కానీ తీర ప్రాంత నియంత్రణ నిబంధనలకు విరుద్ధమని 2019 మే నెలలో సుప్రీంకోర్టు కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో మందుగుండు పెట్టి కూల్చేశారు. సముద్ర తీరానికి 1991 నుంచి ఆ నిబంధనలున్నాయి. ఒడ్డున గీత ఉంది కాబట్టే కోర్టు అది దాటారని చెప్పగలిగింది.

మన రిజర్వాయర్ ఒడ్డుకు ఆ తీర నిబంధనలు వర్తించవు. అట్లా అని ఏమీ లేకుండా పోలేదు. భవన నిర్మాణ నిబంధనల జీవో 168, 2012లో వచ్చింది. పట్టణాల బయట నది అంచు నుంచి 100 మీటర్ల లోపల కట్టడాలు కూడదని అందులో ఉంది. అయితే అంచు ఎక్కడ? ఆగస్టులో అంచు ఒక చోట, మే నెలలో మరో చోట. ఎండాకాలం వచ్చి కొలిచినవాడికి అంచు దూరంగానే కనిపిస్తుంది. అందుకే 885 గీత భూమి మీద రాళ్లతో కనబడాలి. ఆ గీత కింది భూమికి 1981కి ముందు మన చేత ధర చెల్లించుకున్నారు. దాన్ని మళ్లీ ఎవరూ గేటు లోపల కలుపుకోవడానికి వీల్లేదు.

మనం అభివృద్ధికి అడ్డం అని కొందరు అంటారు. కాదు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. ఆనాటి నుంచి వంతెన అడిగింది మనమే. ఇప్పుడు సోమశిల నుంచి సిద్దేశ్వరానికి తీగల వంతెనకు వెయ్యి కోట్లకు పైగా అంచనాతో కేంద్రం ఒప్పుకుంది, సంతోషం. పర్యాటకానికి 2015-16లో పాలమూరు జిల్లాకు 91 కోట్లు, 2024లో సోమశిలకు 68 కోట్లు మంజూరయ్యాయి. రానీయండి. పడవ నడిపే పని, వంట పని, గదులు చూసే పని మన పిల్లలకు రావాలి. చూడవచ్చినవాళ్లకు బాట వేసి, చేను చేసేవాడి బాట మూయడాన్ని మాత్రం ఒప్పుకోం.

పాత నల్లగొండలో యాదగిరిగుట్ట చూడండి. గుడి పునర్నిర్మాణం మొదలైనప్పటి నుంచి 2022 మార్చిలో దర్శనాలు తెరిచేదాకా చుట్టూ ఎన్ని వెంచర్లు! కిలోమీటర్ల కొద్దీ హద్దు రాళ్లే. ఇల్లూ లేదు, పంటా లేదు, తుమ్మ మొలిచింది. అక్కడ కౌలుకు చేసినవాళ్ల పేరు ఏ కాగితంలో లేదు. ధరణి వచ్చాక అనుభవదారు కాలమే తీసేశారు. భూమి చేతులు మారిన రోజు కౌలు రైతు ఖాళీ చేతులతో లేచిపోయాడు. మన దగ్గర అట్లా కాకూడదు.

ఇక చేయాల్సిన పని. నీళ్లు దిగి ఉన్న ఈ నెలలోనే చేయాలి.

ఒకటి, ప్రతి ఊరి నుంచి నలుగురు, అందులో ఒక చేపల అన్న, ఒక గొర్ల కాపరి ఉండాలి. ఒడ్డు వెంట నడిచి బాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద గీయండి. ఊరి నక్షా సర్వే ఆఫీసు నుంచి తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. నక్షాలో ఉన్న బండ్ల బాటను ఏ పట్టాదారూ మూయలేడు.

రెండు, నక్షాలో లేని బాటల మీద గ్రామసభలో తీర్మానం చేయించండి. తీర్మానం నకలు తహసీల్దారుకు, కలెక్టరుకు పంపి రసీదు దాచుకోండి.

మూడు, 885 గీతకు రాళ్లు పాతాలని నీటిపారుదల శాఖకు ఊరి వారీగా వినతిపత్రాలు. ముసాయిదా సంఘం దగ్గర ఉంది, పోయేటప్పుడు తీసుకుపోండి.

నాలుగు, తప్పనిసరై అమ్మేవాళ్లు బయానా తీసుకోకముందే ఊళ్లో చెప్పండి. ముందు పక్క చేను రైతును అడగండి. బయటివాళ్లకే అమ్మాల్సి వస్తే నీళ్లకు పోయే బాట వదిలినట్టు దస్తావేజులో రాయించండి. జీపీఏ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఇంటి ఆడవాళ్లకు తెలియకుండా బేరం చేయొద్దు.

1981లో మనం చెదిరిపోయింది ఎవరికి వారే బండి కట్టుకొని పోవడం వల్ల. ఆనాడు నీళ్లు మనల్ని తోలినయి. ఇప్పుడు ఆ నీళ్లు చూడొచ్చేటోళ్ల కోసం ఇంకోసారి లేవమంటున్నరు. ఈసారి బండి కట్టేముందు పక్కింటి తలుపు కొడదాం. వచ్చే ఆదివారం పొద్దున్నే మంచాలకట్ట ఒడ్డు నుంచి నడక మొదలు. నీళ్ల సీసా, గొడుగు, ఊరి నక్షా తెచ్చుకోండి.